దావాలో తల్లి ఎక్కడుంది?

కర్నూల్లో ఒక లాయరు స్నేహితురాలి ఆఫీసులో కూర్చుని పాత తీర్పుల సంపుటాలు తిరగేస్తుంటే ఒక చిన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. తండ్రి చనిపోయాక కొడుకు తన నలుగురు సోదరులతోనూ, తల్లితోనూ కలిసి రాష్ట్ర ప్రభుత్వం మీద నష్టపరిహారం దావా వేశాడని ఆ వాక్యం చెబుతుంది. 2000 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. అందులో తండ్రి పేరుంది, కొడుకు పేరుంది, ఊరి పేరుంది, జైలు గది నంబరు కూడా ఉంది. తల్లి మాత్రం ‘తల్లి’గానే ఉండిపోయింది.

సాహిత్యంలో పిహెచ్‌డి చేసిన దానివి, నీకీ పుస్తకాలతో పనేంటని నా స్నేహితురాలు నవ్వింది. పని ఉంది. రాయలసీమ కథల మీద పరిశోధన చేసినన్నాళ్ళూ నన్నొక ప్రశ్న వెంటాడింది. నేను చదివిన ఫ్యాక్షన్ కథలు చాలావాటిలో హత్య జరుగుతుంది. శవం ఇంటికొస్తుంది. ఆడవాళ్ళు దాని మీద పడి ఏడుస్తారు. అక్కణ్ణుంచి కథ మగవాళ్ళ వెంట నడుస్తుంది. పగ పట్టిన కొడుకు వెంటో, రాజీకి కూర్చున్న పెద్దమనుషుల వెంటో పోతుంది. ఏడ్చిన మనిషి ఆ మర్నాడు ఏం చేసింది? ఎవర్ని ఏమని అడిగింది? అడిగే హక్కు ఆమెకుందని ఎవరైనా చెప్పారా? కథల్లో దొరకని జవాబు కోర్టు కాగితాల్లో దొరుకుతుందేమోనని వెతుక్కుంటూ వెళ్ళాను.

దొరికింది కోయిలకుంట్ల సబ్‌జైలు కేసు. న్యాయశాస్త్ర విద్యార్థులందరూ చదివే కేసే. కానీ దాన్ని ఒక ఇంటి కథగా, ఒక ఆడమనిషి కథగా చదివినవాళ్ళు నాకు తారసపడలేదు.

జరిగింది క్లుప్తంగా చెప్తాను. అవుకు పోలీస్ స్టేషన్‌లో నమోదైన ఒక క్రిమినల్ కేసులో చల్లా చిన్నప్పరెడ్డిని 1977 ఏప్రిల్ చివర్లో అరెస్టు చేసి రిమాండుకు పంపారు. ఆయన్నూ, కొడుకు చల్లా రామకృష్ణారెడ్డినీ కోయిలకుంట్ల సబ్‌జైలులో ఏడో నంబరు గదిలో పెట్టారు. తమ ప్రాణాలకు ముప్పు ఉందని వాళ్ళు ముందే చెప్పుకున్నారు. అయినా తగిన కాపలా లేదు. మే 5 రాత్రి గడిచి 6వ తేదీ తెల్లవారబోతుండగా, మూడున్నర ప్రాంతంలో కొందరు జైల్లోకి చొరబడి ఆ గదిలోకి బాంబులు విసిరారు. చిన్నప్పరెడ్డి తీవ్రంగా గాయపడి కర్నూలు ప్రభుత్వాసుపత్రిలో చనిపోయాడు. కొడుకు గాయాలతో బయటపడ్డాడు.

మన సీమలో ఇలాంటి చావు తర్వాత ఊరు ఎదురుచూసేది రెండింటి కోసమే. ఒకటి పగ, రెండోది రాజీ. రెండూ మగవాళ్ళ వ్యవహారాలే. ఈ కుటుంబం మూడోదారి పట్టింది. బాంబులు వేసినవాళ్ళ సంగతి అలా ఉంచి, మా మనిషిని మీ తాళం కింద పెట్టుకుని కాపాడలేకపోయారు కాబట్టి జవాబు చెప్పండని ప్రభుత్వాన్నే కోర్టుకు పిలిచింది. పది లక్షల రూపాయల పరిహారం అడిగింది. ఐదుగురు కొడుకులూ, తల్లీ వాదులు.

చనిపోయిన మనిషి తరఫున బతికున్న కుటుంబం డబ్బు అడగొచ్చన్న ఆలోచన ఎక్కడిది? దీని చరిత్ర వెనక్కి తవ్వితే మొదట ఎదురయ్యేది కూడా ఒక ఆడమనిషి చావే. 1808లో ఇంగ్లండులో గుర్రపు బండి బోల్తాపడి ఒకామె గాయపడి, నెల రోజులకు చనిపోయింది. భర్త దావా వేశాడు. ఆమె బతికున్న ఆ నెల రోజులకే పరిహారం ఇస్తామని, మనిషి చావును సివిల్ కోర్టులో నష్టంగా లెక్కకట్టడం కుదరదని న్యాయమూర్తి తేల్చాడు. ఆ లెక్కన గాయపరిచినవాడు పరిహారం కట్టాలి, చంపినవాడు కట్టక్కర్లేదు! రైళ్ళు వచ్చి ప్రమాదాలు పెరిగాక 1846లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి ఈ వింత నియమాన్ని సడలించింది.

ఆ 1846లో కోయిలకుంట్లలో ఏం జరుగుతోందో మనకు తెలుసు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మనుషులు అక్కడి ఖజానా మీద పడ్డారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 22న అదే కోయిలకుంట్లలో ఆయన్ని ఉరితీశారు. భయం కోసం తలను కోటకు వేలాడదీసి ఏళ్ళ తరబడి ఉంచారు. చంపింది ప్రభుత్వం అయినప్పుడు ఇంటివాళ్ళకు శవాన్ని అడిగే నోరు కూడా లేని కాలం అది. అదే కంపెనీ పాలనలో 1855లో మన దేశానికీ ఒక చట్టం వచ్చింది. దాన్ని ప్రాణాంతక ప్రమాదాల చట్టం అంటారు. పేరులో ప్రమాదం అని ఉన్నా తప్పుడు పని వల్ల, నిర్లక్ష్యం వల్ల, చేయాల్సింది చేయకపోవడం వల్ల మనిషి చనిపోతే, అది శిక్షార్హమైన నేరమే అయినా సరే, ఆ కుటుంబం పరిహారం కోసం దావా వేయొచ్చని అందులో స్పష్టంగా ఉంది. అంటే హత్యకు కూడా అది వర్తిస్తుంది. ఈ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది.

ఎవరి కోసం ఆ దావా? భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు. అవ్వాతాతల్నీ, మనవళ్ళనూ మనవరాళ్ళనూ కూడా కలుపుకున్నారు. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఆ జాబితాలో లేరు. పెళ్ళి కాకుండా ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషి లేదు. తమ్ముణ్ణి పెంచి పెద్దచేసిన పెళ్ళికాని అక్కకు అందులో చోటు లేదు. కుటుంబం అంటే ఏమిటో చట్టం ముందే నిర్ణయించేసుకుంది. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. కొడుకుకు ఎంత హక్కు ఉందో భార్యకూ, తల్లికీ, కూతురికీ అంతే హక్కు ఉందని 1855లోనే కాగితం మీద రాశారు. ఆ కాగితం మన పల్లెలకు చేరనే లేదు.

కోయిలకుంట్ల దావాకు మొదటి అడ్డంకి రాజు తప్పు చేయడన్న పాత సూత్రం. జైళ్ళు నడపడం సార్వభౌమ విధి, అందులో మా ఉద్యోగుల నిర్లక్ష్యం ఉన్నా పరిహారం కట్టే బాధ్యత మాకు లేదు అని ప్రభుత్వం వాదించింది. దాని చేతిలో 1964 నాటి కస్తూరిలాల్ తీర్పు ఉంది. మీరట్‌లో పోలీసులు ఒక వ్యాపారి దగ్గర పట్టుకున్న బంగారాన్ని హెడ్‌కానిస్టేబులే ఎత్తుకుని పాకిస్తాన్‌కు పారిపోతే, అది సార్వభౌమ విధిలో భాగంగా జరిగింది కాబట్టి వ్యాపారికి ఏమీ రాదని సుప్రీంకోర్టు చెప్పిన కేసు. రెండో అడ్డంకి గడువు. ఏడాది లోపే దావా వేయాల్సిందని ప్రభుత్వం అంది. కింది కోర్టు ఈ రెండు వాదనలనూ ఒప్పుకుని దావా కొట్టేసింది.

హైకోర్టులో కథ మలుపు తిరిగింది. 1989 సంపుటాల్లో అచ్చయిన ఆ తీర్పును రాసింది జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. బంగారం పోవడం వేరు, ప్రాణం పోవడం వేరన్నది ఆ తీర్పుకు గుండెకాయ. రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును ప్రభుత్వమే కాలరాస్తే, సార్వభౌమాధికారం అన్న కవచం దానికి పనికిరాదు. ఖైదీ కూడా మనిషే, జైలు గోడ లోపలికి వెళ్ళినంత మాత్రాన ఆ హక్కు గుమ్మం బయట వదిలిపోడు. గడువు వాదన కూడా నిలవలేదు. రూ. 1,44,000 పరిహారం, దావా వేసిన రోజు నుంచి ఆరు శాతం వడ్డీతో డిక్రీ అయింది. ప్రభుత్వం దాన్నీ ఒప్పుకోక సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2000లో అక్కడా ఓడిపోయింది. తెల్లవారుజామున బాంబులు పడిన రోజు నుంచి ఆ చివరి మాట దాకా ఇరవైమూడేళ్ళు.

ఇది గొప్ప విజయమే. మన సీమ నుంచి వెళ్ళిన ఒక చావు దేశంలో ఎక్కడ లాకప్పులో, జైల్లో మనిషి చనిపోయినా ఆ ఇంటివాళ్ళు అడిగేందుకు ఒక ఆధారమైంది. కానీ తీర్పును తీర్పుగా చదివి పక్కనపెట్టడం నాకు చేతకాదు. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి గురించి మాట్లాడుతున్నారు, ఎవరు మాట్లాడటం లేదు అని వెతికే చదువు నాది. ఈ కథనంలో ఒకటో సాక్షి కొడుకు. గాయపడ్డవాడూ అతనే, దావాకు ముందు నిలబడ్డవాడూ అతనే. కాబట్టి కథ అతని మీదుగా నడవడంలో ఆశ్చర్యం లేదు. అయితే భర్త పోయిన మనిషి అందులో కొడుకుల జాబితా చివర, కొడుకుకు ఏమవుతుందో ఆ వరసతో కనిపిస్తుంది. చట్టం ఆమెను లెక్కలోకి తీసుకుంది భార్యగా. తీర్పు ఆమెను గుర్తుపెట్టుకుంది తల్లిగా. ఆమె తనను తాను ఏమని చెప్పుకుని ఉండేదో వినే చోటు ఆ పేజీల్లో లేదు.

ఇక్కడ మరో వైపు కూడా చెప్పాలి. ఈ న్యాయ చరిత్రను మలుపు తిప్పిన కేసుల్ని వరసగా పెట్టి చూస్తే ఆడవాళ్ళే కనిపిస్తారు. 1952లో ఉదయ్‌పూర్‌లో కలెక్టరు వాడే ప్రభుత్వ జీపు కాలిబాట మీద నడుస్తున్న మనిషిని గుద్ది చంపితే, మూడేళ్ళ కూతురితో సహా కోర్టుకెక్కిన భార్య పేరు విద్యావతి. డ్రైవరు తప్పుకు ప్రభుత్వం బాధ్యత వహించాలని 1962లో సుప్రీంకోర్టు చెప్పింది ఆమె కేసులోనే. పదిహేను వేల రూపాయలు వచ్చాయి. ఢిల్లీలో పోలీసు దెబ్బలకు తొమ్మిదేళ్ళ పిల్లాడు చనిపోతే ఆ తల్లి కోసం కోర్టుకు వెళ్ళింది ‘సహేలీ’ అన్న మహిళా సంస్థ. 1989లో రూ. 75,000 ఇప్పించింది. ఒరిస్సాలో ఇరవై రెండేళ్ళ కొడుకును పోలీసులు తీసుకెళ్ళిన మర్నాడు రైలు పట్టాల మీద శవంగా చూసిన నీలబతి బెహరా సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. ఆ ఉత్తరమే పిటిషన్ అయింది. 1993లో లక్షన్నర రూపాయల పరిహారంతో పాటు, పౌరుల ప్రాణం విషయంలో సార్వభౌమ రక్షణ చెల్లదన్న మాట స్థిరపడింది. లాయర్లు ఈ పేర్లను రోజూ పలుకుతారు. ఆ పేర్ల వెనక ఉన్నది ఇంటి గడప దాటి కోర్టు గడప ఎక్కిన ఆడవాళ్ళని ఎంతమందికి తడుతుంది?

మరి మా పెద్దమ్మ ఎందుకు ఎక్కలేకపోయింది?

ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. మా పెద్దమ్మది కుందూ ఒడ్డున ఒక ఊరు. 1983 జనవరిలో జొన్నచేనికి కావలి పోయిన పెదనాయన్ను తెల్లారేసరికి నరికేశారు. సద్దిమూట తీసుకుని పోతున్న పెద్దమ్మ గట్టు మీంచి చూసింది. ఇద్దరాడపిల్లలు అప్పటికి ఆమెకు. పోలీసు కేసులో ఆమే ప్రత్యక్ష సాక్షి. సెషన్స్ కోర్టులో విచారణ 1986లో వచ్చింది. ఆ రోజు బోనెక్కి తాను ఏమీ చూడలేదని చెప్పింది. కేసు కొట్టేశారు.

చిన్నప్పుడు ఇంట్లో ఎవరూ ఈ మాట ఎత్తేవాళ్ళు కాదు. కోయిలకుంట్ల తీర్పు చదివి వెళ్ళాక నేనే అడిగాను.

“ఎవరు చెప్పమన్నారు పెద్దమ్మా అట్ల?”

“ఎవరు చెప్పమంటే ఏముందిలే పాపా. మా మరిది మీద ఆపక్కోళ్ళ కేసొకటి ఉండె. ఈ కేసుకు ఆ కేసు చెల్లు అనుకున్నారు పెద్దమనుషులు. అరుగు మీద కూచోని మాట్లాడుకున్నారు. నేను లోపల గిన్నెలు తోముకుంటాండా.”

రాజీ అన్న మాటకు ఇంతకన్నా మంచి నిర్వచనం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. చనిపోయింది ఆమె భర్త. చూసింది ఆమె కళ్ళు. తిరిగిపోయింది ఆమె నోరు. దాని విలువ మాత్రం మరిది మీది కేసులో జమ అయింది.

క్రిమినల్ కేసులో ఫిర్యాదుదారు స్థానం ప్రభుత్వానిది. నేరం ప్రభుత్వం మీద జరిగినట్టే లెక్క. అక్కడ పెద్దమ్మ సాక్షి. ఆమె అవసరం ఆమె మాట దాకానే. రాజీలో ఆమె అసలు లేదు. దావా ఒక్కటే ఆమె తన పేరుతో, తనకు జరిగిన నష్టాన్ని తన మాటల్లో చెప్పి, జవాబివ్వమని అడిగే చోటు. అందులో ఆమెను వాది అంటారు. క్రిమినల్ కేసు కొట్టేసినా సివిల్ దావా విడిగా నడుస్తుంది. నేరం సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. దావాకు ఏది ఎక్కువ నమ్మదగ్గదో తేలితే చాలు. కానీ 1855 చట్టం కింద దావాకు చనిపోయిన రోజు నుంచి రెండేళ్ళే గడువు. సెషన్స్ కేసు విచారణకు రాకముందే, 1985 జనవరిలోనే పెద్దమ్మ గడువు అయిపోయింది. అలాంటి గడువు ఒకటి నడుస్తోందని కూడా ఆమెకు తెలియదు. ఆ రెండేళ్ళలో ఆ ఇంటికి పోలీసులొచ్చారు, పార్టీ పెద్దలొచ్చారు, బంధువులొచ్చారు. అమ్మా, నీకు అడిగే హక్కుంది అన్నవాళ్ళు ఒక్కరూ రాలేదు.

తెలిస్తే వేసేదా? అదీ అడిగాను. “ఏంటికి పాపా, పోయినోన్ని మళ్ళా అమ్ముకునేదానికా? ఆ నెత్తుటి కూడు ఆడపిల్లోళ్ళకు పెట్టాల్నా?” అంది. నెత్తుటి కూడు. పరిహారం అన్న మాట మన ఊళ్ళలో ఇలాగే వినిపిస్తుంది. నాకూ ఆ జంకు అర్థమవుతుంది. కానీ మరిది కేసు కోసం ఆ నెత్తుటిని చెల్లువేసినప్పుడు అది అమ్మకం అని ఎవరూ అనలేదే! మగవాళ్ళు చేస్తే సర్దుబాటు, ఆడమనిషి తన పిల్లల కోసం కోర్టులో అడిగితే నెత్తుటి కూడు. ఈ తేడాను పెద్దమ్మ నోట్లో పెట్టింది ఎవరో మనకు తెలియనిది కాదు.

చట్టం కూడా అమాయకమైనది కాదు. చావు పరిహారం అంటే చనిపోయినవాడు ఎంత సంపాదించేవాడు, అందులో ఇంటికి ఎంత ఇచ్చేవాడు అన్న లెక్క. లెక్క అంతా మగవాడి కూలి చుట్టూ తిరుగుతుంది. పనిలో చనిపోయిన కార్మికుల కోసం 1923లో చేసిన చట్టాన్నే తీసుకోండి. భార్యను ఆధారపడినదిగా నేరుగా ఒప్పుకున్నారు. చనిపోయింది ఆడకూలీ అయితే, ఆమె సంపాదన మీద ఆధారపడ్డానని భర్త చూపించుకోవాలి. ఆడదాని కూలితో ఇల్లు గడవదన్నది ఆ నియమం వెనకున్న నమ్మకం. సీమలో కరువేళ్ళలో ఎన్నిళ్ళు ఆడవాళ్ళ కూలి మీద నడిచాయో ఆ చట్టం రాసినవాళ్ళకు తెలియదు. ఇంకో నిబంధన చదివినప్పుడు నేను పుస్తకం మూసేశాను. పరిహారం మొత్తం ఒక స్త్రీకో, చట్టం దృష్టిలో అశక్తులైనవాళ్ళకో చెల్లాల్సి వస్తే నేరుగా చేతికి ఇవ్వకూడదు, కమిషనర్ దగ్గర జమ చేయాలి అని ఉంది. స్త్రీ, మైనరు, మతిస్థిమితం లేనివాళ్ళు అందరూ ఒకే వాక్యంలో ఉన్నారు! డబ్బు మగబంధువుల పాలు కాకుండా కాపాడటానికే అని సమర్థించవచ్చు. నిజమే, ఆ ప్రమాదం ఉంది. కానీ కాపాడటానికి మొదటి మెట్టు ఆమెను అశక్తురాలని రాయడమేనా?

ఆ 1923 చట్టం 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. చట్టం పేరు మారినా చావులు ఆగవు. 2018 ఆగస్టులో ఆలూరు దగ్గర హత్తిబెళగల్ క్వారీలో పేలుడు జరిగి పొట్టకూటి కోసం ఒరిస్సా నుంచి వచ్చిన కూలీలు చనిపోయారు. 2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్ళపల్లె దగ్గర జిలెటిన్ స్టిక్స్ దింపుతుంటే పేలి పదిమంది ఛిన్నాభిన్నమయ్యారు. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు శివార్లలో చిన్నటేకూరు దగ్గర బస్సు తగలబడి పందొమ్మిది మంది ప్రయాణికులు కాలిపోయారు. ప్రతిసారీ మొదట వినిపించే మాట ఎక్స్‌గ్రేషియా. దయతో ఇచ్చేది అని ఆ లాటిన్ మాటకు అర్థం. రైతు ఆత్మహత్యల విషయంలోనూ ఇంతే. 2004లో జీవో 421 లక్షన్నర ప్రకటించినప్పుడు ఆ డబ్బు వచ్చే దారి రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ అధికారుల కమిటీ మీదుగా పోయేది. చనిపోయినవాడు రైతేనని, అప్పు నిజమేనని, చావుకు కారణం అప్పేనని కాగితాలు పట్టుకుని భార్య నిరూపించుకోవాలి. పట్టా లేని కౌలు మనిషికీ, సొంతంగా సేద్యం చేసి చనిపోయిన ఆడమనిషికీ రైతన్న పేరు రావడమే గగనం. దయ చూపేవాళ్ళ ముందు చేతులు కట్టుకోవాలి. హక్కు అడిగేచోట ప్రశ్నించవచ్చు. అందుకే ఎక్స్‌గ్రేషియా చెక్కుతో ఫోటో దిగాక దావా ముగిసిందని ఎవరూ అనుకోకూడదు. అది పరిహారానికి బదులు కాదు.

ఇక ఇంట్లో పనిచేసే ఆడమనిషి చనిపోతే? ఆమెకు కూలి లేదు కాబట్టి నష్టం లేదనే మాట ఎన్నేళ్ళు నడిచిందో! 1989లో జంషెడ్‌పూర్ టాటా స్టీల్ వేడుకల్లో మంటలు రేగి అరవై మంది చనిపోయినప్పుడు, పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ పోగొట్టుకున్న లతా వాధ్వా కోర్టుకు వెళ్ళింది. 2001 తీర్పులో గృహిణి సేవలకు నెలకు మూడు వేల రూపాయలు లెక్కకట్టారు. మోటారు వాహనాల చట్టం 1994లో చేర్చిన పట్టికలో, సంపాదన లేని భార్య ఆదాయం భర్త ఆదాయంలో మూడో వంతు అని ఉండేది. అంటే ఒకే పని చేసినా గుమాస్తా భార్య పని కన్నా ఆఫీసరు భార్య పని ఖరీదు! 2010లో ఒక కేసులో జస్టిస్ గంగూలీ, జనాభా లెక్కల్లో గృహిణుల్ని బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి పనిచేయనివాళ్ళ కింద వేయడాన్ని తప్పుబట్టాడు. 2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన అభిప్రాయంలో, ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు ఇంటిపనికి పెడుతున్నారన్న 2019 సర్వే అంకెలు ఎత్తిచూపాడు. ఇన్నేళ్ళ స్త్రీవాద రచనలు చెప్పింది చావు పరిహారం కేసుల దారిలో కోర్టు మెట్లెక్కింది. బతికున్నప్పుడు పైసా విలువ కట్టని పనికి చచ్చాక విలువ కట్టడం చేదుగానే ఉంటుంది. అయినా ఆ అంకె రికార్డులోకి ఎక్కడం చిన్న విషయం కాదు.

ఇంత రాశాక, ఈ రోజు ఒక పల్లెలో ఒక ఇంట్లో శవం లేచిందనుకుంటే ఆ ఆడమనిషికి మనం ఏం చెప్పగలం అన్న ప్రశ్న మిగులుతుంది. నా స్నేహితురాలు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. రోడ్డు మీద పోతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్. 2022 ఏప్రిల్ నుంచి చట్టంలో ఆరు నెలల గడువు మళ్ళీ వచ్చింది కాబట్టి ఆలస్యం చేయొద్దు. పనిలో పోతే కార్మిక శాఖ ద్వారా దరఖాస్తు. పోలీసుల చేతిలోనో, జైల్లోనో పోతే కోయిలకుంట్ల తీర్పునూ, నీలబతి తీర్పునూ చేతపట్టుకుని హైకోర్టులో రిట్. ఎవరైనా చంపితే క్రిమినల్ కేసు దాని దారిన అది నడుస్తుండగానే రెండేళ్ళ లోపు దావా. నిందితుడు దొరక్కపోయినా, కేసు వీగిపోయినా బాధిత కుటుంబానికి ప్రభుత్వ నిధి నుంచి పరిహారం అడగొచ్చు. 2008 సవరణతో వచ్చిన ఆ ఏర్పాటు 2024 జులై నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 396వ సెక్షన్‌గా ఉంది. దీనికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గరికి పోవాలి. కోర్టు ఫీజు కట్టే స్తోమత లేకపోతే నిరుపేద వాదిగా అనుమతి అడగొచ్చు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం హక్కు.

వినడానికి దారులు చాలా ఉన్నాయి. కానీ దావా వేసిన ఇంటి చుట్టూ ఊరుంటుంది. డిక్రీ వచ్చాక ఎదుటివాడి ఆస్తి నుంచి అది రాబట్టుకోవడానికి ఇంకో పోరాటం. కోయిలకుంట్ల కుటుంబం ఇరవైమూడేళ్ళు నిలబడగలిగింది. ఐదుగురు కొడుకులున్న ఇల్లది. ఇద్దరాడపిల్లలున్న మా పెద్దమ్మకు అంత వెన్ను ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే తెలియజెప్పడం ఒక్కటే చాలదు. ఆ రెండేళ్ళూ ఆమె పక్కన కూర్చునే మనుషులు కావాలి. వకాల్తా మీద సంతకం పెట్టిన రాత్రి ఆ ఇంట్లో తోడు పడుకునే మనుషులు కావాలి. మన మహిళా సంఘాలు కట్న హత్యల కేసుల్లో చేసింది అదే. ఫ్యాక్షన్ చావు ఇంట్లో, క్వారీ చావు ఇంట్లో కూడా అది మన పనేనని మనం ఇంకా గట్టిగా అనుకోలేదేమో.

మొన్న సంక్రాంతికి పోయినప్పుడు పెద్దమ్మకు కోయిలకుంట్ల కేసు కథలాగా చెప్పాను. వేరుశనక్కాయలు ఒలుస్తూ విన్నది. కాపలా సరిగ్గా లేదన్న దగ్గర తలూపింది. ప్రభుత్వం ఓడిపోయిందన్న దగ్గర ఒలవడం ఆపి, “గవర్నమెంటు మీదనే ఏసినారా?” అంది. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.

“ఆయమ్మ పేరేంది పాపా?”

“తీర్పులో రాయలేదు పెద్దమ్మా. తల్లి అని ఉంది.”

“దావా ఏసిన మనిషి పేరు రాయకుంటే ఎట్ల?” అంది. నేను ఇదంతా రాస్తానని, ఆమె సంగతి కూడా రాస్తానని చెప్పాను. చేటలో తొక్కలు చెరిగి అవతల పోసి వచ్చింది. “రాసుకో. నా పేరు, ఊరి పేరు మాత్రం రాయొద్దు. ఆ పిల్లోళ్ళు ఆ ఊర్లోనే ఉండారు గదా,” అంది.